పొరుగు రాష్ట్రపు తుపాకి అనుమతి ఇంటి దగ్గర చెల్లుతుందా?

ఉద్యోగరీత్యా ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి మారే కుటుంబం వెంట తీసుకెళ్ళే కాగితాలన్నిటికీ కొత్త చోట ఒకే విలువ ఉండదు. అమెరికాలో పెళ్ళి ధ్రువపత్రం ఏ రాష్ట్రానికి వెళ్ళినా చెల్లుతుంది. డ్రైవింగ్ లైసెన్సు దారిపొడవునా చెల్లుతుంది గాని, కొత్త చోట కాపురం పెట్టాక దాన్ని మార్చుకోవాలి. ఇందుకు టెక్సస్ 90 రోజులు, న్యూయార్క్ 30 రోజులు, కాలిఫోర్నియా 10 రోజులు గడువిస్తాయి. వైద్యుడి లైసెన్సు సంగతి ఇంకా కఠినం. ఒహాయోలో ఇరవై ఏళ్ళు శస్త్రచికిత్సలు చేసిన వైద్యుడైనా, ఇల్లినాయ్ రాష్ట్రపు అనుమతి లేనిదే అక్కడ ప్రాక్టీసు పెట్టలేడు. చదువు అదే, చెయ్యి అదే. మారినది నేల మాత్రమే.

నాలుగో కాగితం ఒకటుంది. చేతితుపాకిని బట్టల మాటున, ఇతరుల కంట పడకుండా వెంట ఉంచుకునేందుకు రాష్ట్రం ఇచ్చే అనుమతిపత్రం. వాడుకలో దీన్ని కన్సీల్డ్ క్యారీ పర్మిట్ అంటారు. ఇది డ్రైవింగ్ లైసెన్సులాంటిదని చాలామంది అనుకుంటారు. నిజానికి ఇది వైద్యుడి లైసెన్సుకే దగ్గర బంధువు. ఒక రాష్ట్రం ఇచ్చిన పర్మిట్‌తో మరో రాష్ట్రంలో, అందులోనూ తాను స్థిరంగా నివసించే రాష్ట్రంలో, తుపాకి ధరించి తిరగవచ్చునా అన్న ప్రశ్నకు దేశమంతటికీ వర్తించే సమాధానం లేదు. ఈ ప్రశ్న దగ్గర పొరబడిన అమెరికా పౌరుడికి జైలు భయం. గ్రీన్‌కార్డు మీద ఉన్న తెలుగువాడికి ఆ భయంతోబాటు దేశబహిష్కారం భయం కూడా.

అనుమతి ఎవరిది, ఎవరికి?

భారతదేశంలో పెరిగినవారికి ఈ వ్యవహారం మొదట అర్థం కాకపోవడంలో ఆశ్చర్యం లేదు. అక్కడ 1959 నాటి ఆయుధాల చట్టం దేశమంతటికీ ఒక్కటే. అమెరికాలో సాధారణ పౌరుడికి తుపాకి ధరించే అనుమతిని ఫెడరల్ ప్రభుత్వం ఇవ్వదు, రాష్ట్రాలే ఇస్తాయి. తుపాకిని దాచి తిరగడాన్ని నేరంగా ప్రకటించినవీ రాష్ట్రాలే. కెంటకీ, లూయిజియానా రాష్ట్రాలు 1813లోనే అటువంటి చట్టాలు చేశాయి. ఆయుధాన్ని బాహాటంగా ధరించేవాడిని నిజాయితీపరుడిగా, దాచుకునేవాడిని దొంగదెబ్బ తీసేవాడిగా చూసిన కాలమది. తరవాత న్యూయార్క్ 1911లో సల్లివన్ చట్టం ద్వారా చేతితుపాకికి లైసెన్సు తప్పనిసరి చేసింది. అందుకు భిన్నంగా వెర్మాంట్ సుప్రీమ్ కోర్టు 1903లోనే అనుమతి కావాలన్న ఒక పట్టణపు నిబంధనను కొట్టివేసింది. ఆ రాష్ట్రం ఈనాటికీ పర్మిట్లు ఇవ్వదు, అడగదు.

ఇరవయ్యో శతాబ్దపు చివరి దశకాల్లో గాలి మారింది. 1987లో ఫ్లోరిడా, అర్హతలున్న ప్రతివారికీ అనుమతి ఇచ్చితీరాలన్న చట్టం చేసింది. అనేక రాష్ట్రాలు ఆ బాట పట్టాయి. 2003లో అలాస్కా, 2010లో ఆరిజోనా, 2021లో టెక్సస్, 2023లో ఫ్లోరిడా అసలు పర్మిట్ లేకుండానే తుపాకి ధరించవచ్చునన్నాయి. 2024 నాటికి ఇటువంటి రాష్ట్రాలు 29. మరోవైపు న్యూయార్క్, న్యూజెర్సీ, కాలిఫోర్నియా, మసాచుసెట్స్, ఇల్లినాయ్ వంటివి తమ సొంత అనుమతి ఉండి తీరాలంటాయి.

ఈ చరిత్ర చెప్పే సంగతి ఒకటే. పర్మిట్ అనేది మనిషిని అంటిపెట్టుకుని ఉండే గుణం కాదు. ‘మా శిక్షాస్మృతిలోని ఫలానా నేరం కింద నిన్ను శిక్షించము’ అని ఒక రాష్ట్రం ఇచ్చే హామీ అది. ఒకరిచ్చిన హామీకి పొరుగువాడు కట్టుబడి ఉండాలంటే ఆ పొరుగువాడు కూడా ఒప్పుకోవాలి. రాష్ట్రాలు ఒకదాని చట్టపత్రాలను, తీర్పులను మరొకటి మన్నించాలని రాజ్యాంగంలోని నాలుగో అధికరణం చెప్తున్నా, లైసెన్సులకు అది వర్తించదన్నదే ఇప్పటిదాకా ఉన్న ఆచారం. 2022లో బ్రూయెన్ కేసులో సుప్రీమ్ కోర్టు, ఇంటి వెలుపల ఆయుధం ధరించడం రెండవ సవరణ కాపాడే హక్కేనని తీర్పు చెప్పింది. ప్రత్యేక అవసరం నిరూపించుకోమని న్యూయార్క్ పెట్టిన షరతును కొట్టివేసింది. అయితే ఒక రాష్ట్రపు పర్మిట్‌ను మరో రాష్ట్రం గుర్తించి తీరాలని ఆ తీర్పు చెప్పలేదు. 2025 మార్చిలో మసాచుసెట్స్ అత్యున్నత న్యాయస్థానం కూడా, పొరుగున ఉన్న న్యూ హాంప్‌షైర్ నుంచి తుపాకితో వచ్చేవారు తమ రాష్ట్రపు లైసెన్సు తీసుకోవాలనడం రాజ్యాంగవిరుద్ధం కాదన్నది.

పర్మిట్ ఏ రాష్ట్రానిది, మనిషి ఏ రాష్ట్రం వాడు?

పరస్పర గుర్తింపు పట్టికలు చూసేవారు సాధారణంగా ఒక్క ప్రశ్నే వేస్తారు: ఫలానా రాష్ట్రపు పర్మిట్ ఇక్కడ చెల్లుతుందా? చట్టం చాలాచోట్ల రెండో ప్రశ్న కూడా వేస్తుంది: ఆ పర్మిట్ పట్టుకున్న మనిషి నివాసం ఎక్కడ?

యూటా, ఫ్లోరిడా వంటి రాష్ట్రాలు తమ నివాసులు కానివారికి కూడా పర్మిట్లు ఇస్తాయి. యూటా పర్మిట్‌కు కావలసిన తరగతిని ఆ రాష్ట్రం గుర్తించిన బోధకుడు దేశంలో ఎక్కడైనా చెప్పవచ్చు; అందులో తుపాకి పేల్చి చూపాలన్న నియమం లేదు. యూటాలో అడుగుపెట్టకుండానే యూటా పర్మిట్ సంపాదించవచ్చునన్నమాట. సొంత రాష్ట్రపు రుసుము ఎక్కువనో, శిక్షణ గంటలు ఎక్కువనో, లేక సొంత రాష్ట్రం నిరాకరించిందనో కొందరు ఈ దారి పట్టారు. 2011లో యూటా తన చట్టాన్ని సవరించుకుంది. దరఖాస్తుదారు నివసించే రాష్ట్రం యూటా పర్మిట్‌ను గుర్తించేదైతే, ముందు ఆ సొంత రాష్ట్రపు పర్మిట్ చూపాలన్నది.

సొంత రాష్ట్రాలు కూడా ఈ సందును మూస్తూ వచ్చాయి. పెన్సిల్వేనియా అనుభవం ఇందుకు మంచి ఉదాహరణ. ఫిలడెల్ఫియాలో లైసెన్సు నిరాకరించబడినవారు, ఉన్నది రద్దయినవారు ఫ్లోరిడా అనివాసి పర్మిట్ తెప్పించుకుని, రెండు రాష్ట్రాల ఒప్పందాన్ని అడ్డుపెట్టుకుని తమ ఊళ్ళోనే తుపాకితో తిరిగేవారు. స్థానిక పోలీసులు ‘కాదు’ అన్నదాన్ని వెయ్యి మైళ్ళ అవతలి కార్యాలయం ‘ఔను’ అన్నది. 2013 ఫిబ్రవరిలో అప్పటి అటార్నీ జనరల్ క్యాథ్లీన్ కేన్ ఆ ఒప్పందాన్ని సవరించి, పెన్సిల్వేనియా నివాసులు పెన్సిల్వేనియా లైసెన్సే తీసుకోవాలన్నారు.

కొలరాడో, మిషిగన్ రాష్ట్రాలు ఇంకా స్పష్టంగా మాట్లాడతాయి. ఇతర రాష్ట్రపు పర్మిట్‌ను అవి గుర్తించాలంటే, దాన్ని పట్టుకున్న మనిషి ఆ ఇచ్చిన రాష్ట్రంలోనే నివసిస్తూ ఉండాలి. డిట్రాయిట్ పరిసరాల్లో కాపురమున్నవాడి చేతిలోని యూటా పర్మిట్ మిషిగన్‌లో వట్టి కాగితం. వర్జీనియా 2016 నుంచి ఇతర రాష్ట్రాల పర్మిట్లను ఉదారంగా మన్నిస్తున్నా, ఒకసారి వర్జీనియా పర్మిట్ రద్దయినవాడు మరో రాష్ట్రపు పర్మిట్‌తో తిరిగి రాకుండా చట్టంలోనే అడ్డుకట్ట వేసింది. న్యూయార్క్‌లోనైతే ఒకే రాష్ట్రం లోపల కూడా గోడ ఉంది. ఇతర కౌంటీలలో ఇచ్చిన లైసెన్సు, నగర పోలీసు కమిషనర్ ప్రత్యేకానుమతి లేనిదే న్యూయార్క్ నగరంలో చెల్లదు.

అనివాసి పర్మిట్లన్నీ దొడ్డిదారులేనని దీని అర్థం కాదు. వెర్మాంట్ పర్మిట్లే ఇవ్వదు గనక, అక్కడి నివాసి ప్రయాణాల్లో మరో రాష్ట్రపు అనివాసి పర్మిట్ మీద ఆధారపడవలసిందే. తేడా అల్లా వాడకంలో ఉంది. ప్రయాణంలో పనికివచ్చే పత్రం ఇంటి దగ్గరి అనుమతికి బదులు కాగలదా అన్నది ప్రతి రాష్ట్రంలోనూ విడిగా తేల్చుకోవలసిన సంగతి.

ఇల్లు మారిన రోజు

పర్మిట్ కాలపరిమితి ఐదేళ్ళో పదేళ్ళో ఉండవచ్చు. అయినా, యజమాని ఇల్లు మారిన రోజున దాని అర్థం మారిపోవచ్చు. నిన్నటిదాకా సందర్శకుడిగా గౌరవించిన రాష్ట్రం, నివాసి అయ్యాక తన చట్టానికి లోబడమంటుంది. ఫ్లోరిడాకు మారినవారికి, వారి పాత రాష్ట్రంతో ఒప్పందముంటే, ఓటరుగా నమోదవడం వంటి చర్యతో నివాసం ఏర్పడినప్పటినుంచి 90 రోజులపాటు పాత పర్మిట్ చెల్లుతుంది. ఇటువంటి గడువు అన్ని రాష్ట్రాలలోనూ లేదు. నివాసం ఏర్పడడానికి కొత్త ఇల్లు కొననక్కరలేదు. డ్రైవింగ్ లైసెన్సు, ఓటు, ఆదాయపు పన్ను దాఖలా ఇవన్నీ ఫలానావాడు ఇక్కడివాడని చెప్పే సాక్ష్యాలే. కాంట్రాక్టు ఉద్యోగాలలో ఏడాదికొక ఊరు మారే కంప్యూటరు ఇంజనీర్లు, రెండు రాష్ట్రాలలో దుకాణాలు నడిపే వ్యాపారులు ఈ విషయంలో ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి.

వైద్యుల లైసెన్సులకు ఈమధ్య ఒక అంతర్రాష్ట్ర ఒడంబడిక ఏర్పడింది. నలభైకి పైగా రాష్ట్రాలు అందులో చేరాయి. అది కూడా మొదట అడిగేది, వైద్యుడి ప్రధాన లైసెన్సు ఏ రాష్ట్రానిదని. ఆ రాష్ట్రంతో అతనికి నివాసం ద్వారానో, వృత్తి ద్వారానో నిజమైన సంబంధం ఉండాలి. తుపాకుల విషయంలో అటువంటి ఉమ్మడి ఒడంబడిక లేదు. రాష్ట్రాల మధ్య ఒప్పందాలు ఎన్నికలతోబాటు మారుతుంటాయి. వర్జీనియా 2015 డిసెంబరులో 25 రాష్ట్రాల పర్మిట్లను ఇక గుర్తించమని ప్రకటించి, తరవాత రాజకీయ రాజీతో వెనక్కి తగ్గింది.

బడి చుట్టూ వెయ్యి అడుగులు

సొంత రాష్ట్రం పొరుగు పర్మిట్‌ను ఒప్పుకున్నచోట కూడా ఒక ఫెడరల్ చట్టం మిగిలే ఉంటుంది. ఇది చాలామంది లెక్కలోకి రాని చిక్కు. బడుల చుట్టూ తుపాకులను నిషేధించే చట్టాన్ని కాంగ్రెస్ 1990లో చేసింది. 1995లో లోపెజ్ కేసులో సుప్రీమ్ కోర్టు దాన్ని కొట్టివేయగా, 1996లో సవరించి మళ్ళీ తెచ్చింది. దాని ప్రకారం బడి ఆవరణలోనూ, దాని హద్దు నుంచి 1,000 అడుగుల లోపునా, అంటే సుమారు 305 మీటర్ల మేర, తుపాకి ఉండకూడదు. ఉల్లంఘనకు ఐదేళ్ళదాకా జైలు.

మినహాయింపులున్నాయి. సొంత ఇల్లు వంటి ప్రైవేటు స్థలానికి ఇది వర్తించదు. తూటాలు తీసి, తాళం వేసిన పెట్టెలో ఉన్న తుపాకికీ వర్తించదు. లైసెన్సు ఉన్నవారికి కూడా మినహాయింపు ఉంది. కాని చట్టం వాక్యం జాగ్రత్తగా చదవాలి. ఆ బడి ఏ రాష్ట్రంలో ఉందో ఆ రాష్ట్రమే లైసెన్సు ఇచ్చి ఉండాలి, ఇచ్చేముందు అర్హతలను పోలీసు అధికారులు పరిశీలించి ఉండాలి. పొరుగు రాష్ట్రపు పర్మిట్‌ను ఈ రాష్ట్రం ‘గుర్తించడం’, ఈ రాష్ట్రం లైసెన్సు ‘ఇవ్వడం’ ఒకటి కాదని ఆయుధాల ఫెడరల్ శాఖ కూడా అభిప్రాయపడింది.

ఒక సాధారణ నగరంలో వెయ్యి అడుగుల వృత్తాలు ప్రతి బడి చుట్టూ గీస్తే, వాటి మధ్యగా వెళ్ళని రోడ్డు దొరకడం కష్టం. పొరుగు రాష్ట్రపు పర్మిట్‌తో, గుండ్లు నింపిన తుపాకితో పాలకోసం బయలుదేరిన మనిషి రోజూ రెండుమూడు సార్లు ఫెడరల్ నేరపు గీత దాటుతుండవచ్చు. ఇటువంటి కేసులు విరివిగా పెట్టరన్నది నిజమే. కాని అధికారుల ఉపేక్షను చట్టమిచ్చిన రక్షణగా పొరబడకూడదు. పర్మిట్ అడగని 29 రాష్ట్రాలలో కూడా చాలామంది తమ రాష్ట్రపు పర్మిట్ తీసుకోవడానికి ఇదొక కారణం.

దారి మధ్యలో

ప్రయాణీకుల కోసం 1986లో కాంగ్రెస్ ఒక రక్షణ కల్పించింది. బయలుదేరిన చోటా, చేరవలసిన చోటా తుపాకి ఉండడం చట్టబద్ధమైతే, తూటాలు తీసి, చేతికి అందని చోట పెట్టి మధ్య రాష్ట్రాల గుండా తీసుకుపోవచ్చు. ఇది దారికి ఇచ్చిన రక్షణే గాని, మజిలీకి ఇచ్చినది కాదు. 2005లో యూటా ప్రయాణీకుడొకరు న్యూఆర్క్ విమానాశ్రయంలో తరవాతి విమానం తప్పిపోయి, పెట్టె తీసుకుని హోటల్లో రాత్రి గడిపారు. పొద్దున్నే తిరిగివచ్చి, నియమం ప్రకారం పెట్టెలో తుపాకి ఉందని చెప్పగానే అరెస్టయ్యారు. తరవాత కేసు ఎత్తివేసినా, ఆయన వేసిన దావాను ఫెడరల్ అప్పీలు కోర్టు 2010లో తోసిపుచ్చింది. హోటల్లో ఉన్నంతసేపూ తుపాకి ఆయన చేతికి అందుబాటులో ఉన్నట్టేనన్నది.

2013లో ఫిలడెల్ఫియాకు చెందిన ఒక తల్లి, పెన్సిల్వేనియా పర్మిట్ చేతిలో ఉంది గదా అన్న నమ్మకంతో న్యూజెర్సీలో ప్రవేశించారు. ట్రాఫిక్ పోలీసు ఆపినప్పుడు తుపాకి ఉన్నదని తానే చెప్పారు. కొన్నేళ్ళ తప్పనిసరి జైలుశిక్ష తలమీద వేలాడింది. దేశమంతటా గొడవైన తరవాత ప్రాసిక్యూటర్లు మెత్తబడ్డారు. 2015 ఏప్రిల్‌లో గవర్నర్ క్రిస్ క్రిస్టీ ఆమెకు క్షమాభిక్ష ఇచ్చారు. నిజాయితీగా చెప్పడం ఆమె పట్ల సానుభూతిని పెంచింది. నేరాన్ని మాత్రం చెరపలేదు.

వీసా, గ్రీన్‌కార్డు, తుపాకి

రాత్రిళ్ళు పెట్రోలు బంకుల్లో, కిరాణా దుకాణాల్లో, మోటెళ్ళలో పనిచేసే తెలుగువారికి తుపాకి భయం పుస్తకాల్లోది కాదు. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రంలోని ఓలేథ్‌లో తెలుగు ఇంజనీరు ఒకరు జాతివిద్వేషపు కాల్పులకు బలయ్యారు. ఆత్మరక్షణకు ఆయుధం కొనాలన్న ఆలోచన కలగడం సహజం. ఐతే పర్మిట్ గురించి అడగకముందే అడగవలసిన ప్రశ్న ఒకటుంది.

హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1 వంటి తాత్కాలిక వీసాలమీద ప్రవేశించినవారు తుపాకి గాని, తూటాలు గాని కలిగి ఉండడమే ఫెడరల్ చట్టం కింద నేరం. 2022 నుంచి దీనికి గరిష్ఠ శిక్ష 15 ఏళ్ళు. చట్టబద్ధమైన వేట లైసెన్సు ఉన్నవారికి, వేటకో క్రీడకో ప్రత్యేకంగా అనుమతించబడినవారికి మినహాయింపు ఉంది. కాని అది లేనిదే ఏ రాష్ట్రపు పర్మిట్టూ, పర్మిట్ అడగని ఏ రాష్ట్రపు ఔదార్యమూ ఈ నిషేధాన్ని తొలగించలేవు. కలిగి ఉండడమంటే కొనడమే కాదు. తన అదుపులో ఉంచుకోవడం కూడా. 2019లో సుప్రీమ్ కోర్టుకెక్కిన రెహైఫ్ కేసు మొదలైనది షూటింగ్ రేంజిలో. ఆ యువకుడు విద్యార్థి వీసామీద వచ్చి, చదువు ఆగిపోయి, చట్టబద్ధ స్థితి కోల్పోయాడు. తనకు ఆ స్థితి లేదని అతనికి తెలుసునని కూడా ప్రభుత్వం రుజువు చెయ్యాలని కోర్టు తేల్చింది. నేరం లేదని మాత్రం చెప్పలేదు.

గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఈ నిషేధం లేదు. వారికున్న ప్రమాదం వేరు. తుపాకిని చట్టవిరుద్ధంగా కలిగి ఉన్నారనో, ధరించారనో ఏ చట్టం కిందనైనా నేరం రుజువైతే, వలస చట్టం దాన్ని దేశం నుంచి పంపివేయదగిన కారణాల్లో చేర్చింది. అది పెద్ద నేరమే కానక్కరలేదు. కొన్ని ఇతర నేరాల విషయంలో గవర్నర్ క్షమాభిక్ష బహిష్కారం నుంచి కాపాడుతుంది. ఆయుధ నేరాలను ఆ జాబితాలో చేర్చలేదు. ఫిలడెల్ఫియా తల్లి స్థానంలో, నేరం రుజువైన గ్రీన్‌కార్డు మనిషిని ఊహించుకుంటే తేడా తెలుస్తుంది. ఆమెను గట్టెక్కించిన క్షమాభిక్ష అతనిని ఇక్కడ నిలబెట్టలేదు. నేరం ఒప్పుకుంటే వలసహోదాకు ఏమవుతుందో న్యాయవాది కక్షిదారుకు చెప్పితీరాలని 2010లో పడీయా కేసులో సుప్రీమ్ కోర్టు నిర్దేశించింది. ఆ సలహా అరెస్టు తరవాత దొరికేది. పర్మిట్ చూసుకోవడం బయలుదేరేముందు చెయ్యదగినది.

ఒకే దేశం, ఒకే పర్మిట్?

ఈ గందరగోళాన్ని తీర్చడానికి ప్రతి రాష్ట్రం ఇతర రాష్ట్రాల పర్మిట్లను గుర్తించి తీరాలన్న బిల్లును ప్రతినిధుల సభ 2017 డిసెంబరు 6న 231-198 ఓట్లతో ఆమోదించింది. సెనేట్ దాన్ని చేపట్టలేదు. 2025లో అదే సంఖ్యతో మళ్ళీ బిల్లు వచ్చింది. రాజ్యాంగహక్కు రాష్ట్రపు ఎల్ల దగ్గర ఆగిపోకూడదన్నది సమర్థకుల వాదం. నిజాయితీపరులే ఎక్కువగా ఈ చట్టాల వలలో చిక్కుతున్నారని వారు చెప్పేదానికి పైన చూసిన కేసులే సాక్ష్యం. శిక్షణ, పరిశీలన రాష్ట్రానికొక తీరుగా ఉన్నప్పుడు, అన్నిటికంటె సులువైన ప్రమాణమే దేశమంతటికీ ప్రమాణమై కూర్చుంటుందన్నది వ్యతిరేకుల వాదం. సొంత రాష్ట్రం కాదన్నవాడు పొరుగు రాష్ట్రం పర్మిట్‌తో ఇంటికి తిరిగివస్తాడని వారనేదానికి పెన్సిల్వేనియా అనుభవమే సాక్ష్యం. ఈ వాదం తేలేదాకా ఉన్న చట్టంతోనే కాపురం చెయ్యాలి.

ఆ కాపురానికి ప్రశ్నల వరస ముఖ్యం. మొదటిది వలసహోదా: ఈ మనిషి తుపాకి ముట్టవచ్చునా? రెండవది నివాసం: చట్టం దృష్టిలో ఈ మనిషి ఈనాడు ఏ రాష్ట్రం వాడు? మూడవది గుర్తింపు: ఆ రాష్ట్రం పొరుగు పర్మిట్‌ను తన నివాసి చేతిలో ఒప్పుకుంటుందా? నాలుగవది దారి: మధ్యలో ఏ బడులున్నాయి, ఏ ఎల్లలున్నాయి? చాలామంది మూడవ ప్రశ్నతో మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. సమాధానాలు ఆయా రాష్ట్రాల అటార్నీ జనరల్ కార్యాలయాల్లోనూ, పోలీసు శాఖల్లోనూ దొరుకుతాయి. సందేహమున్నచోట వలస చట్టం కూడా తెలిసిన న్యాయవాది దగ్గర దొరుకుతాయి. అన్నిటికంటె నిరపాయమైన నియమం మాత్రం పాతదే: స్థిరంగా ఉండే చోట, ఉండే రాష్ట్రపు పర్మిట్టే తీసుకోవడం. దానికయ్యే రుసుము, తరగతి గదిలో గడిచే ఒకటి రెండు రోజులు, పదిహేనేళ్ళు నిరీక్షించి సంపాదించుకున్న గ్రీన్‌కార్డుతో పోలిస్తే ఏపాటివి?